ముప్పై దాటాక వచ్చిన ఆలోచన

దీనమ్మ గారు తన అరవై రెండో ఏట లెక్కల్లో ఒక కొత్త సంగతి కనిపెట్టారు. వారం తిరక్కుండానే అది పి.గన్నవరంలో చేపలమ్మేవాళ్లకు కూడా తెలిసిపోయింది. తప్పు ఆవిడది కాదు, చెల్లెలు నిర్మలది. నిర్మల కడుపులో మాట దాగదు. అయితే ఆ కనిపెట్టింది ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం, "మా అక్క ఏదో దారుల లెక్క తేల్చిందమ్మా, ప్రపంచంలో ఎవరికీ తేలలేదంట" అని చెప్పి ఊరుకునేది.

ఆ దారుల లెక్క ఇదీ. గళ్ల కాగితం మీద ఒక గడి నుంచి బయల్దేరి, ఒకసారి తొక్కిన గడిని మళ్లీ తొక్కకుండా నడవాలి. ఇన్ని అడుగులకు ఇలాంటి దారులు ఎన్నుంటాయి? వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. నాలుగైదు అడుగుల దాకా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడుగులు పెరిగేకొద్దీ కంప్యూటర్లు కూడా చేతులెత్తేస్తాయి. ఆ లెక్కల వరసలో ఒక నిష్పత్తి ఎప్పటికీ పెరుగుతూనే పోతుందా, ఎక్కడైనా వెనక్కి తగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న. నిజానికి ఆ ప్రశ్న దీనమ్మ గారిది కాదు, క్రాంతికుమార్‌ది.

క్రాంతికుమార్ ఆవిడ శిష్యుడు. అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం మొదలెట్టిన నాటి నుంచి రిటైరయ్యేదాకా ఆవిడ చేతి కింద ఎంతమంది చదివారో చెప్పలేం గాని, వీడు వేరే అనిపించినవాడు వాడొక్కడే. అమ్మా నాన్నా లంక పొలాల్లో కూలి చేసి చదివించారు. సెలవు రోజుల్లో దీనమ్మ గారింటికి వచ్చి, అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకుని, అక్కడే అన్నం తిని వెళ్లేవాడు. పెళ్లీ పిల్లలూ లేని ఆవిడకు, ఇంకా రాలేదేమని వీధి గుమ్మం వైపు చూసే మనిషంటూ ఉంటే వాడే. చెన్నైలో పెద్ద సంస్థలో పరిశోధనకు సీటు వచ్చిందని తెలిసినప్పుడు ఆవిడ ఆదివారం చర్చి ఆరాధనలో అందరి ముందూ నిలబడి ఏడ్చేశారు. అలాంటివాడు ముప్పై దాటగానే అదంతా వదిలేసి మస్కట్ వెళ్లిపోయాడు. అక్కడ మనవాళ్ల పిల్లలు చదివే స్కూల్లో లెక్కల మాస్టారు. ఎందుకు వదిలేశావురా అంటే, అవలేదండి అన్నాడు, అంతే.

దీనమ్మ గారు కూడా గట్టిగా అడగలేదు. అడగకపోవడానికి ఆవిడ దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. లెక్కల్లో కొత్తది పుట్టాలంటే ముప్పై లోపే పుట్టాలి. ఆ తర్వాత చదవొచ్చు, చెప్పొచ్చు, పుస్తకాలు రాసుకోవచ్చు గాని పుట్టించడం కుదరదు. ఇరవై ఏళ్లకే తుపాకి దెబ్బ తిని పోయిన ఫ్రెంచి కుర్రాడి కథ, క్షయతో పోయిన నార్వే కుర్రాడి కథ ఏటేటా కొత్త బ్యాచికి చెప్పేవారు. క్లాసులో ఎవరిదైనా పుట్టినరోజైతే వాడిచ్చిన చాక్లెట్ తీసుకుని, ముప్పైలోంచి వాడి వయసు తీసేసి, మిగిలిన అంకె బోర్డు మీద ఒక మూల వేసేవారు. ఇంకా ఇన్నేళ్లుంది, తొందరపడు నాన్నా అనేవారు. పిల్లలు నవ్వేవారు. వాళ్లు బ్యాంకుల్లోనూ సచివాలయాల్లోనూ కుదురుకుని, ముప్పై దాటి, పొట్టలు పెంచుకుని సుఖంగా ఉన్నారు. క్రాంతి మాత్రం నవ్వేవాడు కాదు. ఆ అంకె వంక గంభీరంగా చూసేవాడు. అది అప్పట్లో ఆవిడకు ఎంతో ముచ్చటగా ఉండేది.

ఈ సిద్ధాంతం ఆవిడకు వాల్తేరు యూనివర్సిటీలో దొరికింది. పరిశోధన చేస్తున్న రోజుల్లో, పని ఎటూ కదలక దిగులుగా ఉన్నప్పుడు, గైడుగారు మెత్తగానే ఈ మాట అన్నారు. వయసు దాటాక ఎవరికైనా అంతేనమ్మా, నీ తప్పేం లేదు అన్నారు. దీనమ్మ గారు ఆ మాట పట్టుకుని గట్టెక్కారు. చేతకాక వదిలేశాను అనుకుంటే నిద్ర పట్టదు, వయసు దాటింది కాబట్టి వదిలేశాను అనుకుంటే పడుతుంది. నిద్ర కోసం మనిషి ఏదైనా నమ్ముతాడు. ఆవిడ నమ్మి, హాయిగా పడుకుని, పొద్దున్నే లేచి పాఠాలు చెప్పుకున్నారు.

క్రాంతి మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు, ఇంతకీ ఏ లెక్క మీద పనిచేశావని ఆవిడ అడిగారు. వాడు కాగితం మీద నాలుగు గళ్లు గీసి, ప్రశ్న చెప్పి, వెంటనే మస్కట్‌లో ఎండల గురించి మాట్లాడటం మొదలెట్టాడు. వాడు వెళ్లాక ఆ గళ్ల వంక చూస్తే ఆవిడకు ఒళ్లు మండింది. నా బిడ్డను తినేసిన దిక్కుమాలిన లెక్క ఇదేనా, దీని సంగతేమిటో చూద్దాం అనుకున్నారు. అప్పటికి రిటైరయ్యారు, పొద్దు పోవడం లేదు. నిర్మల టీవీ ముందు కూర్చుంటే ఆవిడ గళ్ల కాగితం ముందు కూర్చునేవారు. తనకు ఏమీ తట్టదని ముందే తెలుసు కాబట్టి భయమూ లేదు, తొందరా లేదు. ఇంత ఆనందంగా ఆవిడ ఎప్పుడూ లెక్కలు చేసుకోలేదు.

ఒక పూట రాజోలులో కళ్లజోడు మార్పించుకుని తిరిగి వస్తుంటే, బస్సు గన్నవరం అక్విడక్టు దగ్గర ఆగిపోయింది. ముందర ఎవరిదో కొబ్బరికాయల లారీ అడ్డంపడింది. కిందేమో గోదావరి పాయ, దాని మీదుగా కాలువ. ఒక నీరు ఇంకో నీటిని ముట్టుకోకుండా దాటిపోతోంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కొత్త కళ్లజోడు పెట్టుకుని ఊరికే అటు చూస్తున్న దీనమ్మ గారికి ఒక్కసారి ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ దారి తనను తాను దాటకూడదని కదా పట్టుబట్టాం. దాటనిద్దాం. దాటిన చోటల్లా ఏది పైన ఏది కింద అని గుర్తు వేసుకుంటూ పోయి, చివర్లో ఆ గుర్తులున్నవాటిని జతలు జతలుగా కొట్టేద్దాం. అప్పుడు మిగిలేవి ఎప్పుడూ తగ్గవు కదా! లారీ తప్పుకుంది, బస్సు కదిలింది, ఆవిడ దిగాల్సిన స్టాపు కూడా దాటిపోయింది. కండక్టరు కేకలేసి దింపేశాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆవిడ అన్నం తిన్నారో లేదో నిర్మలకే తెలియాలి. అంతా పొందిగ్గా రాసి చూసుకుంటే సరిగానే ఉన్నట్టుంది. అక్కడే పట్టుకుంది భయం. అరవై దాటిన మనిషికి కొత్తది తట్టడమేమిటి? ఎక్కడో బొక్క ఉండే ఉంటుంది, తన కంటికి ఆనడం లేదంతే. పోనీ ఏ యూనివర్సిటీకైనా పంపుదామా అంటే, రిటైరైన లెక్చరర్లు పంపే కాగితాలు ఏ బుట్టలోకి వెళ్తాయో ఆవిడకు బాగా తెలుసు. తన దగ్గరికి వచ్చినవాటిని ఆవిడా అలాగే పడేశారు. ఈ కాగితాలు చదివి, అవునో కాదో మొహమాటం లేకుండా చెప్పగలిగినవాడు ఈ భూమ్మీద ఒక్కడే. వాడు అవునంటే ఆవిడ జన్మ ధన్యమైనట్టు, కాదంటే ముసలిదాని చాదస్తం అని నవ్వుకుని ఊరుకోవాలి.

క్రాంతి ఆ నెల్లోనే సెలవుకి వచ్చాడు. ఆవిడే కాగితాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. వాడి భార్య క్రిస్టీనా కాఫీ ఇచ్చి, మీ గురించి చెప్పని రోజుండదండి అంది. వాడు మొదటి పేజీ చూసి, మా లెక్క పట్టుకున్నారన్నమాట అని చిన్నగా నవ్వాడు. రెండో పేజీ తిప్పలేదు. నింపాదిగా చూసి చెప్తానన్నాడు. ముప్పై నాలుగేళ్లకే వాడి చెవుల దగ్గర జుట్టు నెరిసిపోయింది. ఎండలకేమో అనుకున్నారు దీనమ్మ గారు.

ఈలోగా నిర్మల పాస్టరుగారి చెవిన వేసింది. ఆయన వెంటనే శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టేద్దాం అన్నారు. దీనమ్మ గారు, అది సరైనదో కాదో ఇంకా తేలలేదండీ, తేలనివ్వండి అని బతిమాలారు. పాస్టరుగారు నవ్వి, జవాబు చేతికొచ్చాక వందనాలు చెప్పడంలో ఏముందమ్మగారూ, రాకముందే చెప్పడం కదా విశ్వాసం అన్నారు. జీవితమంతా రుజువు లేనిదే మాట నమ్మని మనిషికి ఈ వాదన మింగుడుపడలేదు. కాని నిర్మల అప్పటికే షామియానాకీ, బిర్యానీకీ చెప్పేసింది.

శనివారం పేట జనమంతా వచ్చారు. పాటలయ్యాయి. పాస్టరుగారు వృద్ధాప్యంలో బిడ్డను ఎత్తుకున్న తల్లి గురించి వాక్యం చెప్పి, మన దీనమ్మ గారిది కూడా అలాంటి కాన్పే అనేసరికి ఆడవాళ్లంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తర్వాత సాక్ష్యం చెప్పమని మైకు ఆవిడ చేతికిచ్చారు. అప్పుడే వెనక వరసలో, షామియానా గుంజ పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో క్రాంతి కనిపించాడు. ఒళ్లో ఆవిడ కాగితాల కవరుంది. అక్కణ్ణుంచే తలూపాడు. ఆ తలూపడంతో ఆవిడకు సగం ప్రాణం లేచొచ్చింది. చెప్పాలనుకున్నది మర్చిపోయి, మనసులో ఉన్నది చెప్పేశారు.

"ముప్పై దాటితే లెక్కల్లో కొత్తది పుట్టదని ఇన్నేళ్లూ పిల్లలందరికీ చెప్పేనండి. గట్టిగా నమ్మి మరీ చెప్పేను. అది అబద్ధమని దేవుడు నాకు అరవై రెండులో చూపించేడు. నా నోరు మూయించేడు. ఆయనకి స్తోత్రం."

స్తోత్రం అని అందరూ గట్టిగా అన్నారు. ఆవిడ నవ్వుతున్నారు. నవ్వుతూనే వెనక వరస వైపు చూశారు. వాడు కూడా నవ్వుతాడనుకున్నారు. వాడు కవరు వంక చూసుకుంటున్నాడు.

వడ్డనల్లో క్రాంతి అందరికంటే ఎక్కువ తిరిగాడు. బిర్యానీ బేసిన్ మోశాడు, ముసలివాళ్లకు మంచినీళ్లు అందించాడు. తను మాత్రం తినలేదు. జనం పలచబడ్డాక, దీనమ్మ గారు వాణ్ణి ఇంటి వెనక కొబ్బరిచెట్ల కింద ఉన్న బెంచీ దగ్గరికి లాక్కెళ్లారు. ఆగలేకపోతున్నారు. ముందు అవునో కాదో చెప్పమన్నారు.

"కరెక్టేనండి," అన్నాడు క్రాంతి. "అన్ని విధాలా చూసేను. మధ్యలో ఒకచోట గుర్తు తారుమారైంది, సరిచేసి పెట్టేను. మిగతాదంతా కరెక్టు."

దీనమ్మ గారు బెంచీ మీద కూలబడి, వాడి చెయ్యి పట్టుకున్నారు. కాస్త తేరుకున్నాక చిన్నపిల్లలా అడగడం మొదలెట్టారు. ఎక్కడ నచ్చింది, ఎక్కడ కంగారుపడ్డావు, దాటనివ్వడం అన్నచోటికి వచ్చేసరికి ఏమనిపించింది అని. అది అక్విడక్టు చూస్తుంటే తట్టిందని కూడా చెప్పారు. క్రాంతి వింటున్నాడు. విని, చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.

"నాక్కూడా అక్కణ్ణుంచే వచ్చిందండి."

ఆవిడకు అర్థం కాలేదు. వాడు మళ్లీ చెప్పాడు. చెన్నైలో హాస్టల్ గదిలో ఉన్నప్పుడు ఊరు గుర్తొచ్చిందట. బడికి వెళ్లేటప్పుడు రోజూ చూసిన అక్విడక్టు గుర్తొచ్చిందట. దాటనిద్దాం, దాటినచోట గుర్తు వేసుకుందాం అనుకున్నాడట. జతలుగా కొట్టెయ్యడం దాకా కూడా వచ్చాడట. ఆవిడ కాగితాల్లో సగం పైన, వాడు ఒకప్పుడు తన చేత్తో రాసుకున్నదేనట.

"మరి ఎందుకు వదిలేసేవురా?"

"ముప్పై నిండిన వారమండి అది," అన్నాడు క్రాంతి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇరవై నాలుగేళ్లప్పుడు రానిది ఇప్పుడెందుకొస్తుంది, వచ్చిందంటే ఎక్కడో తప్పుండుంటుంది అనుకున్నాను. తప్పు కోసం వెతికేను. దొరకలేదు. దొరకట్లేదంటే, వెతకడానికి కూడా బుర్ర పనిచెయ్యట్లేదు కాబోలనుకున్నాను. మొత్తం చింపేసి మస్కట్ ఉద్యోగానికి అప్లై చేసేనండి."

కొబ్బరిచెట్ల అవతల నిర్మల గిన్నెలు సర్దిస్తూ ఎవరినో కేకలేస్తోంది. దీనమ్మ గారికి ఆ పుట్టినరోజు గుర్తొచ్చింది. వాడి పుట్టినరోజుకి ఆవిడ ఏటా ఫోన్ చేసేవారు. ఆ ఏడూ చేశారు. సున్నా వచ్చేసింది నాన్నా, ఇక నాలాగ పాఠాలు చెప్పుకో అని పకపకా నవ్వారు. వాడు అవతల, మేడమ్ గారూ ఒక సంగతండీ, అని ఏదో మొదలెట్టాడు. తర్వాత ఏమీలేదండి అన్నాడు. పెళ్లి సంగతేమో, సిగ్గుపడుతున్నాడనుకుని ఆవిడ ఇంకా నవ్వారు. తలుచుకుంటే ఇప్పుడు ఆ నవ్వు మీద ఆవిడకు అసహ్యం వేసింది.

ఏదో ఒకటి చెయ్యాలి. ఆవిడ గబగబా మాట్లాడారు. ఇది నీది, నీ పేరు ముందు వేసి పంపుదాం అన్నారు. నీకింకా ముప్పై నాలుగే, మస్కట్ ఉద్యోగం వదిలెయ్, చెన్నైలో నీ గైడుకి నేను చెప్తాను, నా పెన్షనుంది, నువ్వూ క్రిస్టీనా ఇక్కడే ఉండొచ్చు అన్నారు. అంతా విన్నాక క్రాంతి తల అడ్డంగా ఊపాడు.

"రుజువు మీదేనండి, చివరిదాకా నడిచింది మీరు. అది కాదండి నా బాధ. మీ కాగితాలు చదివేను కదా, అన్నీ అర్థమయ్యేయి. సంతోషమే రాలేదు. ఇదివరకు ఇలాంటిది చదివితే కాలు నిలిచేది కాదు, ఎవరికో ఒకరికి చెప్పేదాకా ఊరుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దేసి, కవర్లో పెట్టేసి, పడుకున్నానండి. క్రిస్టీనా అడిగితే, ఏదో లెక్కలే అన్నాను."

దీనమ్మ గారు ఏడవలేదు. ఏడుపు కూడా తనకు హక్కులేనిదనిపించింది. వాణ్ణి కన్నది ఎవరైనా, వాడిలో ఆ సంతోషాన్ని చూసి మురిసిపోయి, పెంచి పెద్దచేసింది తను. అరుగు మీద కూర్చుని లెక్క తేలగానే లేచి గెంతే పిల్లవాణ్ణి ఆవిడ ఎరుగు. వాడు ఇక లేడు. చచ్చిపోయినవాడి మాట ఈ బతికున్నవాడు వచ్చి చెప్తున్నాడు, అదీ ఎంతో మర్యాదగా.

క్రాంతి కవరు బెంచీ మీద పెట్టి లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"ఒక్కటడుగుతానండి. ఆ రోజు ఫోన్‌లో నేను చెప్పుంటే, మీరు నమ్మేవారాండీ?"

నమ్మేదాన్ని నాన్నా, ఎందుకు నమ్మను, నువ్వు చెప్తే నమ్మనా అని అనెయ్యొచ్చు. ఒక్క మాట. అంటే వాడికి కాస్త ఊరటగా ఉంటుందా, లేక చెప్పనందుకు తనను తాను తిట్టుకుంటూ మిగతా జీవితం గడుపుతాడా? ఆవిడ ఆ రెండూ ఆలోచించారు. ఆలోచించినా నోరు అబద్ధానికి తిరగలేదు. లెక్క దగ్గర వాడికి ఆవిడ ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

"నమ్మేదాన్ని కాదు," అన్నారు దీనమ్మ గారు. "ముప్పై దాటాక వచ్చిన ఆలోచన కదా, ఎక్కడో తప్పుంటుంది, సరిగ్గా చూసుకో అనేదాన్ని."

"ఆయ్," అన్నాడు క్రాంతి. "నేనూ అదే అనుకున్నానండి."

వాడి మొహం కాస్త తేలికపడింది. తప్పు ఫోన్‌లో చెప్పకపోవడంలో లేదని రూఢి అయింది కాబోలు. ఎల్లుండి ప్రయాణమని, వెళ్లొస్తానని చెప్పి, ఎప్పట్లాగే వంగి ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టబోయాడు. ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకున్నారు. వాడు ఒక క్షణం అలాగే వంగి ఉండి, లేచి, గేటు వైపు వెళ్లిపోయాడు.

వాడలా వెళ్లాడో లేదో నిర్మల చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "ఏమన్నాడే అక్కా, సరిపోయిందా?"

"కరెక్టేనంట," అన్నారు దీనమ్మ గారు. అనేసరికి అప్పటిదాకా ఆపుకున్నదంతా పొంగుకొచ్చింది. పైట నోట్లో కుక్కుకుని బెంచీ మీద ముందుకు వంగిపోయారు. నిర్మలకు కూడా కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకు మా అక్క కష్టం ఫలించిందమ్మా, చూడండి ఎలా ఏడుస్తోందో అని కేకేసింది. గిన్నెలు తోముతున్నవాళ్లు గిన్నెలొదిలేసి వచ్చారు. చెప్పులేసుకుంటున్న పాస్టరుగారు చెప్పులు వదిలి మళ్లీ లోపలికొచ్చారు. అందరూ ఆవిడ చుట్టూ చేరి, తల మీదా భుజాల మీదా చేతులుంచి, కళ్లు మూసుకున్నారు.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చావు ప్రభువా అన్నారు. నీ దాసురాలి వృద్ధాప్యాన్ని ఆనందంతో నింపావు అన్నారు. ఆ మంచి మాట తెచ్చిన కుర్రవాడి చేతి పనిని కూడా దీవించమన్నారు. దీనమ్మ గారు బావురుమన్నారు. ఆనందబాష్పాలకు ఇంకో నలుగురు గొంతు కలిపారు. నిర్మల చెల్లెలి ప్రేమ కొద్దీ ఆవిడ తలను పొట్టకు హత్తుకుని, అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.